ఊ కొట్టడానికేనా ఈ ఆట?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హన్మకొండ, డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీకి పోయొచ్చే బస్సులో ఫోన్‌లో కథల ఆటలు ఆడుతుంటాను. బొమ్మలు తక్కువ, చదవడం ఎక్కువ. మధ్యమధ్య రెండు మూడు జవాబులు చూపించి ఒకటి ఎంచుకోమంటాయి కదా, అవి. ఈ మధ్య ఆడిన ప్రతి ఆటా ఉక్రోషమే మిగిల్చింది. ఏది నొక్కినా కథ ఒక్క తొవ్వనే పోతుంది. 'మర్యాదగా వద్దను' అని నొక్కితే నా పాత్ర ఎదుటివాడి చెంప పగలగొడుతుంది. డబ్బున్న కోపిష్ఠి అబ్బాయి తగిలితే వాణ్ని ప్రేమించక తప్పదు. నేను అనాలనుకున్న మాట తెరమీద ఉంటుంది, కానీ దానికి వజ్రాలు కావాలి, వజ్రాలకు డబ్బులు కావాలి. ఉత్తగా దొరికే జవాబు పిరికిదో తిక్కదో అయి ఉంటుంది. అమ్మకు చెబితే 'ఆట కోసం ఎవరన్న ఏడుస్తరానె' అంది.

ఆ కోపంతో నేనే తెలుగులో ఒకటి రాయడం మొదలుపెట్టాను. మన ఊరి అమ్మాయి. పీజీ చదవాలని ఉంది. ఇంట్లో పెళ్లిచూపులు పెట్టారు. 14 చోట్ల జవాబులు ఎంచుకునేలా పెట్టాను. తమ్ముడికిస్తే పది నిమిషాలకే ఫోన్ తిరిగిచ్చి, 'అక్కా, నేను పోనని నొక్కినా చాయ్ ట్రే నా చేతిల్నే ఉంది గదా' అన్నాడు. నేను తిట్టుకున్న పనే నేనూ చేశాను. నాది అత్యాశా? ఒక్క మనిషి ఇంకెన్ని దారులని రాయగలదు?

జవాబు: చెల్లె, ముందు అమ్మ మాట సంగతి. నువ్వు ఏడ్చింది ఆట కోసం కాదు. నిన్ను అడిగి, నువ్వు చెప్పింది పక్కన పడేసినందుకు. పండక్కి 'ఏ రంగు కావాలె బిడ్డా' అని అడిగి, నువ్వు నీలం అన్నాక ఎరుపు తెచ్చి చేతిలో పెడితే ఎట్లుంటుంది? అసలు అడగకుండా ఎరుపు తెచ్చి ఉంటే ఇంత గుచ్చుకోదు. నవల చదివేటప్పుడు నాయిక తప్పు చేస్తే జాలిపడతాం, పేజీ తిప్పుతాం. ఈ ఆటలో మన వేలితో మనమే నొక్కుతాం కాబట్టి ఆ తప్పు మన మీద పడుతుంది. నీ ఉక్రోషం న్యాయమైనదే.

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు జనగామ దిక్కు మా అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం. రాత్రి వాకిట్లో నులక మంచాలు, అమ్మమ్మ చేతిలో విసనకర్ర. ఆమె కథ చెబుతుంటే మేం ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఒకరోజు రాజు తన చిన్న బిడ్డను అడవికి పొమ్మన్నాడని చెప్పింది. నేను ఊ కొట్టలేదు.

'నిద్రొచ్చిందానె?'

'రాలె. ఆ పిల్ల ఎందుకు పోవాలె? పోనని చెప్పొచ్చు గదా.'

విసనకర్ర ఆగింది. 'పోనంటె ఏం జేస్తది మరి? నువ్వే చెప్పు.'

లోపల గొళ్లెం పెట్టుకుంటదని చెప్పాను. అమ్మమ్మ కాదనలేదు. ఆ పిల్లతో గొళ్లెం పెట్టించింది. రెండోనాటికి కుండలో నీళ్లు అడుగంటాయి. మూడోనాటి రాత్రి తల్లి వచ్చి తలుపు అవతల కూర్చుని ఏడ్చింది. తెల్లారుజామున, కాపలావాళ్లు కునుకు తీస్తున్నప్పుడు, ఆ పిల్ల తనంతట తనే గొళ్లెం తీసి అడవికి నడిచిపోయింది. కథ అమ్మమ్మ మొదట అనుకున్న చోటికే చేరిందని పెద్దయ్యాక అర్థమైంది. అయినా ఆ కథ ఇవాళ్టికీ నాదే. గొళ్లెం నేను పెట్టించాను. ఆ గొళ్లెం వల్ల నీళ్లు అయిపోయాయి, తల్లి ఏడ్చింది. అడవికి పోయింది తోలితే పోయిన పిల్ల కాదు, తనకు తానుగా బయల్దేరిన పిల్ల.

నీ రెండో ప్రశ్నకు జవాబు ఈ గొళ్లెంలోనే ఉంది. దారుల సంఖ్య పెంచాల్సిన పని లేదు. నొక్కిన మాటను ఆట విని, దాని ఫలితాన్ని కథలో ఎక్కడో ఒకచోట మోయాలి.

ఈ రకం ఆటలకు, పుస్తకాలకు పేరు తెచ్చినవీ పిల్లలను ఎదురుగా పెట్టుకుని పుట్టినవే. విల్ క్రౌథర్ అని అమెరికాలో ఒక ప్రోగ్రామర్, గుహల్లో తిరిగే అలవాటున్నవాడు. 1970ల మధ్యలో విడాకులయ్యాక కూతుళ్లు ఆడుకోవడానికి, తాను తిరిగిన కెంటకీ గుహలను మాటల్లో పెట్టి కంప్యూటర్ ఆటగా రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అక్షరాలతో ఆడే సాహసపు ఆటలకు అదే మొదలు. ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అనే లాయరుదీ ఇట్లాంటి కథే. రాత్రిపూట కూతుళ్లకు కథ చెబుతూ ముందుకు తోచక 'ఇప్పుడేం చేస్తాడు?' అని వాళ్లనే అడిగాడు. ఇద్దరూ చెరో దారి చెప్పారు. ఆ ఆలోచనే 1979లో 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' అనే పుస్తకాల వరస అయింది. ఇద్దరూ తండ్రులే, ఇద్దరికీ ఎదురుగా కూతుళ్లు. 'ఎందుకు పోవాలె?' అని అడిగే పిల్ల ఎదురుగా ఉంటే కథకుడికి వినక తప్పదు. ఫోన్ ఆట రాసేవాళ్లకు ఆ పిల్ల కనపడదు, నీకైతే తమ్ముడున్నాడు.

ఇక లెక్క చూద్దాం. ప్రతిచోటా రెండు దారులు, ఒకదానితో ఒకటి కలవకుండా పోతాయనుకో. పది చోట్లు దాటేసరికి 1,024 ముగింపులు. నీ 14కు 16,384. ఎవరూ రాయలేరు, రాసినా ఆడేవాళ్లు ఒక్కసారికి చూసేది వాటిలో ఒక్కటే. అందుకే అందరూ దారులను కాస్త దూరం విడదీసి మళ్లీ ఒకచోట కలుపుతారు. అందులో మోసం లేదు. హన్మకొండ నుంచి వరంగల్‌కు ఏ తొవ్వన పోయినా చేరేది వరంగలే. దారిలో భద్రకాళి చెరువు చూసినవాళ్లకు చేరాక చెప్పుకోవడానికి చెరువు ముచ్చట ఉండాలి, అంతే. చెరువు చూసి వచ్చినవాణ్నీ చూడనివాణ్నీ ఒకే మాటతో పలకరించే ఆట మీదనే మనకు కోపం.

నువ్వు చెప్పిన వాటిలో నాకు అన్నిటికన్నా పెద్ద తప్పుగా కనిపించేది చెంపదెబ్బ. బటన్ మీద ఒకటి రాసి ఉంటుంది, పాత్ర ఇంకొకటి చేస్తుంది. 'వద్దను' అన్న ఒక్క ముక్కలో రాసినవాళ్ల మనసులో ఒక సీనుంది, నీ మనసులో ఇంకోటుంది. చోటు లేక జవాబులు కుదిస్తారు, కుదించినప్పుడు గొంతు పోతుంది. తెలుగులో అయితే ఈ ఇబ్బందిని దాటడం తేలిక, ఎందుకంటే మన మాటలోనే గొంతు వినబడుతుంది. 'వద్దండి', 'వద్దు', 'వద్దంటె వద్దు'. ఈ మూడింట్లో దేని వెనక చెంపదెబ్బ ఉండే వీలుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అందుకే నీ ఆటలో బటన్ మీద చేసే పనిని వర్ణించకు. పాత్ర అనబోయే మాటనే ఉన్నదున్నట్టు రాయి.

ఇంకొకటి చూడు. మన దిక్కు చాలా ఇళ్లలో అమ్మానాన్నలను నువ్వు అనే అంటాం. అట్లాంటి ఇంట్లో ఒకరోజు బిడ్డ నోట 'మీరు ఎట్లంటె అట్లనే కానీయండి' అని వచ్చిందనుకో. వంటింట్లో గరిటె ఆగిపోతుంది. 'నీ ఇష్టం నాయినా' అన్నా, 'మీ ఇష్టం' అన్నా కథ పోయే చోటు ఒకటే. ఇంట్లో గాలి మాత్రం మారిపోతుంది. ఇట్లాంటి ఎంపికకు నీకు అదనంగా పేజీలు అక్కర్లేదు, తర్వాతి సీనులో నాన్న మాట ఒక్కటి మార్చితే చాలు. ఇది ఇంగ్లిష్ ఆటలకు లేని సొత్తు, వాడుకో. ఆడేవాణ్ని నువ్వు అని పిలుస్తూ కథ రాస్తే ఆడో మగో తేల్చాల్సిన అవసరం కూడా రాదు. 'నువ్వు వచ్చావు' అంటే ఇద్దరికీ సరిపోతుంది. హిందీలో రాసేవాళ్లకు ఆయే, ఆయీల దగ్గరే పీట ముడి పడుతుంది.

జవాబులు తక్కువ ఉండటమే తప్పనుకోకు. భేతాళ కథలు గుర్తున్నాయి కదా. శవాన్ని భుజాన వేసుకున్న రాజుకు ఉన్నవి రెండే దారులు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రెండూ నష్టమే. అయినా అన్యాయం జరిగిందని మనకెప్పుడూ అనిపించలేదు. షరతు ముందే చెప్పారు, రాజు తెలిసే నోరు విప్పాడు, విప్పినందుకు చెప్పిన ఫలితమే వచ్చింది. అదే భేతాళుడు షరతు చెప్పకుండా తల పగలగొట్టి ఉంటే మనం పుస్తకం మూసేసేవాళ్లం.

2013లో 'డిప్రెషన్ క్వెస్ట్' అని ఒక ఆట వచ్చింది. కుంగుబాటుతో ఉన్న మనిషి రోజులు అందులో కథ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆ క్షణంలో ఏం చేస్తారో ఆ జవాబు తెరమీద కనిపిస్తుంది, కానీ దాని మీద గీత కొట్టి ఉంటుంది. చదవొచ్చు, నొక్కలేం. పరిస్థితి దిగజారినకొద్దీ గీతలు పెరుగుతాయి. నొక్కలేకపోవడమే అక్కడ చెప్పదలచుకున్న విషయం. నువ్వాడిన ఆటల్లో జవాబు లేకపోవడానికి కథలో కారణం లేదు, రాసినవాళ్లు తోచక వదిలేశారు. లేదా దానికి వెల కట్టారు.

ఈ వెల గురించి నిక్కచ్చిగా చెబుతాను. ఆట మొత్తానికి ఒకసారి ఇంత అని ధర పెట్టి అమ్మితే అది కష్టార్జితం, సంతోషంగా కొనుక్కో. మాట మాటకూ వజ్రాలు అడిగే ఆటలో ఉత్త జవాబు పిరికిగా ఉండటం పొరపాటున జరిగింది కాదు, పిరికిగా ఉంటేనే పక్కనున్న వజ్రాల జవాబు అమ్ముడవుతుంది. అవమానపడే సీనులోనే అది ఎదురవడం గమనించావా? వాటికి ఒక్క రూపాయి కూడా పెట్టకు. డబ్బడగని కథల ఆటలు కావాలంటే ఐఎఫ్‌కాంప్ అని 1995 నుంచి ఏటా జరిగే పోటీ ఉంది. ఇంగ్లిష్‌వే ఎక్కువ, కానీ పోటీకి వచ్చినవన్నీ ఉచితంగా ఆడుకోవచ్చు. నచ్చనివి కూడా ఆడు, ఎక్కడ చిరాకు పుట్టిందో రాసిపెట్టుకో.

కోపిష్ఠి ధనవంతుడి గురించి రెండు మాటలు. అట్లాంటి పాత్ర ఉండటం నాకు అభ్యంతరం కాదు. నువ్వు 'దూరంగా ఉండు' అని నొక్కినప్పుడు కూడా ఆట లోపల ప్రేమ మార్కులు పెరుగుతాయి చూడు, దాన్ని క్షమించలేను. వద్దంటే ఇంకా గట్టిగా ఔనని అర్థమట. పద్దెనిమిదేళ్ల పిల్లలు రోజూ ఆడే ఆటలో వద్దు అన్న మాటకు విలువ ఉండాలి.

ఆడేవాళ్ల కోపం పాతదే. 1993లో గ్రహమ్ నెల్సన్ అనే ఆంగ్లేయుడు ఆటగాడి హక్కులంటూ 17 రాశాడు. హెచ్చరిక లేకుండా చంపకూడదు. ఎవరూ చేయని వింత పని చేస్తేనే ముందుకు పోయేలా పెట్టకూడదు. ఏదైనా కుదరదంటే అందుకు సరైన కారణం ఉండాలి. నీ చాయ్ ట్రే దగ్గర తప్పింది ఈ చివరిదే. వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటుంది: ఆడేవాళ్లు అమెరికన్లు అయి ఉండాల్సిన అవసరం రాకూడదు. 'జోర్క్ 2' అనే ఆటలో ఒక గదుల చిక్కు ఉంది, బేస్‌బాల్ ఎట్లా ఆడతారో తెలియకపోతే అందులోంచి బయటపడటం గగనమే.

నీ కథకూ ఇది వర్తిస్తుంది. నీ అమ్మాయి ఇల్లు విడిచి, సికింద్రాబాద్ నుంచి వచ్చే ఢిల్లీ బండి ఎక్కాలనుకుందనుకో. జవాబులు రెండు: వరంగల్ స్టేషన్, కాజీపేట స్టేషన్. ఆ బండి కాజీపేటలోనే రామగుండం వైపు మళ్లుతుంది, వరంగల్‌కు రాదని నీకూ నాకూ తెలుసు. రాజమండ్రిలో ఆడే అమ్మాయికి ఎట్లా తెలుస్తుంది? వరంగల్ నొక్కిందని ఆమె కథ అక్కడే ముగించకు. అంతకు ముందు సీనులో పిన్నితో 'ఆ బండి కాజీపేట్లనే తిరుగుతదే' అని ఒక మాట అనిపించు. విన్నవాళ్లు పట్టుకుంటారు, పట్టుకోనివాళ్లు తమ పొరపాటేనని ఒప్పుకుంటారు.

ఇప్పుడు చాయ్ ట్రే. తమ్ముడు 'పోను' అన్నాడు. సరే, పోనియ్యకు. ట్రే పిన్ని పట్టుకుపోతుంది. హాల్లోంచి 'అమ్మాయి ఏదండీ?' అని వినిపిస్తుంది. నాన్న ఒక క్షణం ఆగి 'తలనొప్పిగ ఉన్నదట' అంటాడు. నువ్వు అర్రలో మంచం అంచున కూర్చుని వింటున్నావు. కాసేపటికి అబ్బాయి తల్లి తానే లేచి లోపలికి వస్తుంది, నీ పక్కన కూర్చుని, 'ఏం చదువుతున్నవ్ బిడ్డా?' అని అడుగుతుంది. ట్రే పట్టుకుపోయినవాళ్లకు ఇదే ప్రశ్న హాల్లో, అందరి ముందు ఎదురవుతుంది. రెండు దారులూ ఒకే ప్రశ్న దగ్గర కలిశాయి, నువ్వు అదనంగా రాసింది ఒక పేజీ. అందరి ముందు చెప్పే జవాబూ, అర్రలో ఒక ఆడమనిషికి మెల్లగా చెప్పే జవాబూ ఒక్కటి కావు కదా. చివరి సీనులో నాన్న గొంతు కూడా మారాలి. ఒకరికి 'ఆ రోజు నా మాట నిలబెట్టినవ్' అంటాడు, ఇంకొకరికి 'ఆ రోజు నాతోని అబద్ధం ఆడిపిచ్చినవ్' అంటాడు.

'నాకీ సంబంధం ఇష్టం లేదు' అన్న జవాబును మొదటి సీను నుంచే చూపించు, కానీ నొక్కడానికి రాకుండా పెట్టు. కింద చిన్న అక్షరాల్లో కారణం రాయి. మొదటిసారి: 'నాన్న ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.' రెండోసారి: 'అమ్మ పక్కింటి నుంచి కప్పులు తెచ్చింది.' మూడోసారి ఇంకోటి. పిన్నికి ముందే విషయం చెప్పి ఉంటేనో, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో వచ్చిన ర్యాంకు నాన్నకు చూపించి ఉంటేనో ఆ జవాబు తెరుచుకుంటుంది. అప్పుడు అది ఉత్తగా దొరికిన బటన్ కాదు, ఆడినవాళ్లు సంపాదించుకున్న మాట.

దీనికి ట్వైన్ చాలు. 2009లో క్రిస్ క్లిమస్ చేసిన ఉచిత సాధనం, కంప్యూటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తెలుగు అక్షరాలు రాయొచ్చు. ఎవరు ఏది నొక్కారో గుర్తుపెట్టుకోవడానికి అందులో వేరియబుల్ అనేది వాడాలి, అరపూట కూర్చుంటే వస్తుంది. నీ కథకు మూడు చాలు: పిన్నికి చెప్పావా, ట్రే పట్టావా, నాన్నను మీరు అన్నావా. ఆటగాడు ఆజ్ఞలు టైపు చేసే పాతరకం జోలికి మాత్రం పోకు. దీపం తీస్కో, దీపాన్ని తీసుకో, ఆ దీపం పట్టుకో, ఇన్ని రూపాలను కంప్యూటర్‌కు అర్థం చేయించేసరికి నీ పీజీ కూడా అయిపోతుంది. ఇంకో జాగ్రత్త. బ్రౌజర్‌లో రాసిన కథ ఆ బ్రౌజర్‌లోనే దాగి ఉంటుంది. ఎవరైనా హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా తుడిచేస్తే కథ పోతుంది. రాసిన ప్రతి రాత్రీ ఫైల్‌గా దింపుకుని ఇంకోచోట దాచు. ఆ ఒక్క ఫైల్‌నే వాట్సాప్‌లో ఎవరికైనా పంపొచ్చు, ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

14 చోట్లనూ ఒకేసారి ముట్టుకోకు. ఈ వారం చాయ్ ట్రే ఒక్కటి సరిచేసి తమ్ముడికి మళ్లీ ఇవ్వు. పక్కనే కూర్చో, ఏమీ చెప్పకు, వాడి వేలు చూడు. జవాబుల మీద వేలు అటూ ఇటూ పోయి ఆగిన చోట వాడు అనాలనుకున్న మాట అక్కడ లేదన్నమాట. ఏమనాలనుకున్నావురా అని అడిగి, వాడు ఎట్లా అంటే అట్లనే రాసుకో.